భీమిలి దాకా ఆరు రోజులు

శనివారం పొద్దున ఎనిమిదింటికి సుందర్ రాజు రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకుని వరండాలో నులక మంచం మీద కూర్చున్నాడు. అది చూసి అతని భార్య రూతు కుంపటి మీద గిన్నె దింపి, చేతులు తుడుచుకుని, పప్పు డబ్బాల వెనక నుంచి నోటుబుక్కు తీసింది. మడతల దగ్గర చిరిగిపోతున్న రోడ్డు మ్యాపు కూడా దాన్లోనే ఉంది. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస.

"నిన్న ఎక్కడాపినాం?" అన్నాడు సుందర్ రాజు కళ్లు మూసుకుని.

"చాందీపూర్లోనండి. రెండో రాత్రి అక్కడే."

"సముద్రం ఎనక్కిపోతాదంట గదా అక్కడ."

"అవునండి. కోసు దూరం ఎనక్కెల్లిపోయి మళ్లీ వొస్తాదంట. ఆ టైముకి మనం అక్కడుండాల. అందుకే దీఘాలో తెల్లారగానే స్కూటర్ తీసెయ్యాల."

వరండా రెండో చివర ఎస్తేరమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆవిడ సుందర్ రాజు తల్లి. డెబ్బై దాటినా చెవి మాత్రం పదునుగానే ఉంది.

"ఏటమ్మా కోడలా, ఇయాల ఎంతవరకు ఎల్లినారు? పూరీ దాటినారేటి?"

"ఇంకా నేదత్తా."

"కూకున్న కాడే ఇంత తిరుగుతున్నారు, ఇంక స్కూటరెందుకు? పెట్రోలైనా మిగులుద్ది."

సుందర్ రాజు నవ్వాడు. నవ్వుతూనే మంచం కింద పెట్టిన గ్లాసు కోసం చెయ్యి చాపి తడిమాడు. రూతు గ్లాసు అందించింది.

"నవ్వకురా. రైలు పాసుండగా చేతి డబ్బులెట్టి రోడ్డెంట పోతారా ఎవులైనా? రైల్వే కొడుకు స్కూటరేసుకుని ఎల్లినాడంటే మీ నాయిన పరలోకంలోంచి లేసొస్తాడు."

"అమ్మా, రైలు సముద్రం దాకా ఎల్లదే. ఇరవై మూడేళ్లు ఆ లైన్లో గూడ్సు తోలినాను. గాలిలో ఉప్పు తగిలినాది గానీ, ఓపాలైనా ఒడ్డున నిలబడి సూసినానా?"

ఎస్తేరమ్మ చేట ఒకసారి కుదిపింది. మళ్లీ బియ్యంలో పడింది.

నిజానికి ఆ ప్రయాణం రూతు ఊహించనిది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో వాళ్లిద్దరే ఎక్కడికీ వెళ్లలేదు. పాసు రాయించినప్పుడల్లా అందులో అత్త పేరుండేది, కూతురు సూసన్న పేరుండేది, వెళ్లే ఊరు కూడా ఏదో పెళ్లికో చావుకో పోయే ఊరే అయ్యేది. కిందటి జూన్‌లో సూసన్న నర్సింగ్ చదువుకి విశాఖపట్నం వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. క్రిస్మస్ వెళ్లిన మర్నాడు సుందర్ రాజు ఉన్నట్టుండి అన్నాడు, "రూతూ, స్కూటర్ మీద సముద్రం ఒడ్డునే భీమిలి దాకా ఎల్దామా? పిల్లని కూడా సూసొద్దాం" అని. ఎక్కడినుంచి తెచ్చాడో ఒక మ్యాపు కూడా ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే సూసి దారి రాయి. నాకు సదివి వినిపించు సాలు."

టెక్కలి దగ్గర ఒక పల్లెలో ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషి రూతు. పెళ్లయి బెంగాలీల గడ్డమీది ఈ రైల్వే ఊరికి వచ్చాక బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు కలిసిపోయిన మాటల మధ్య నోరు విప్పడం కంటే ఊరుకోవడం సుఖమని నేర్చుకుంది. అలాంటి తన చేతికి మ్యాపిచ్చి, దారి నువ్వు చెప్పు అన్నాడు మొగుడు. ఆ రోజు వంటింట్లోకి వెళ్లి కాసేపు ఉత్తినే నిలబడింది. ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పటినుంచి అడగని మనిషి లేదు. దీఘాలో సముద్రానికి రెండు వీధులు వెనక్కి వెళితే గది అద్దె సగానికి సగం తగ్గుతుందని గోల్‌బజార్‌లో గుడ్డల కొట్టు దీదీ చెప్పింది. పూరీలో రైల్వేవాళ్ల విడిది ఉంది. బారువలో చర్చి పాస్టరుగారి భార్య రూతుకి పెద్దమ్మ కూతురు. కళింగపట్నంలో ఒక రిటైరైన ఫిట్టరు ఇల్లుంది. లాడ్జీ తప్పనిచోట మాత్రమే లాడ్జీ. చిన్న కిరసనాయిలు స్టవ్వు, చోడిపిండి, అటుకులు, నాలుగు ఎండు చేపలు వెంట పెట్టుకుంటే ఒక పూట భోజనం రోడ్డు పక్కనే అయిపోతుంది. మొత్తం ఆరు రోజులు.

"ఎండు సేపలా? స్కూటర్ ఎనకాల పిల్లులు పరిగెడతాయి" అంది ఎస్తేరమ్మ.

"పరిగెడితే మంచిదే గదమ్మా, తోడుంటాయి" అన్నాడు కొడుకు.

మర్నాడు ఆదివారం. చర్చి గుడిలో ఆరాధన అయ్యాక స్కూటర్‌ని ఒకసారి దూరం తిప్పి చూద్దామన్నాడు సుందర్ రాజు. అది అతను ఎవరి దగ్గరో కొన్న పాత స్కూటరు. ఇంటినుంచి బజారు దాకా తప్ప ఎక్కువ తిరగలేదు. రూతు క్రిస్మస్ చీర కుచ్చిళ్లు ఒడిసిపట్టుకుని వెనక కూర్చుంది.

"నువ్విప్పుడు నా అసిస్టెంటువి" అన్నాడు కిక్ కొడుతూ. "ఇంజన్లో సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు గట్టిగా పిలవాల. డ్రైవరు మళ్లీ అదే మాట అనాల. అలాగైతే ఇద్దరికీ తెలిసినట్టు. నువ్వు దారిలో ఏటి కనపడితే అది పిలు."

రూతుకి సిగ్గేసింది. కానీ మలంచా రోడ్డు ఎక్కేసరికి ఆ ఆట ఆమెకి నచ్చింది.

"ఆవు!"

"ఆవు" అన్నాడతను, పక్కకి తిప్పుతూ.

"బస్సొస్తన్నాదండి!"

"బస్సు."

"ముసలాయన, సైకిల్ మీద గోనె బస్తా!"

"ముసలాయన, బస్తా. ఒక్కటీ ఒదలకు."

జనవరి ఎండ వీపుకి వెచ్చగా తగులుతోంది. ఇలాగే ఆరు రోజులు, ఎడమ పక్కన సముద్రంతో, ఒకరు పిలుస్తుంటే ఒకరు పలుకుతూ. రూతు ఇంత మాట్లాడి ఎన్నాళ్లయిందో. తిరిగి వచ్చేటప్పుడు, ఊళ్లోనే ఉన్న పూరీ గేట్ దగ్గర రోడ్డు పక్క కమలాపళ్లు రాశి పోసి అమ్ముతున్న మనిషి ఒళ్లో పసిపిల్ల నిద్రపోతుంటే, ఆ పిల్ల నోట్లో వేలు చూస్తూ పిలవడం మరిచిపోయింది.

తల తిప్పేసరికి ఎదురుగా రైల్వే గేటు పడి ఉంది. తెలుపూ ఎరుపూ పట్టీల వాసం రోడ్డుకి అడ్డంగా ఉంది. దాని మధ్యలో పళ్లెమంత ఎర్ర రేకు. రిక్షాలు, సైకిళ్లు అన్నీ ఆగిపోయాయి. స్కూటర్ మాత్రం తగ్గలేదు.

"గేటు! గేటండీ!"

సుందర్ రాజు బ్రేకు మీద నిలబడ్డాడు. స్కూటర్ జారుకుంటూ పోయి ముందున్న రిక్షా వెనక చక్రానికి ఠక్కున తగిలి ఆగింది. రిక్షావాడు దిగి, "ఓ దాదా, చోఖే దేఖ్తే పావ్ నా?" అని అరిచాడు. కళ్లు కనపడవా నీకు అని.

"బ్రేకు పట్టనేదు" అన్నాడు సుందర్ రాజు నవ్వబోతూ. రిక్షావాడికి క్షమాపణ చెప్పి, చక్రం వంగలేదని చూపించి, ఐదు రూపాయలు చేతిలో పెట్టి పంపేశాడు.

రూతు దిగి పక్కన నిలబడింది. భయం కంటే ఇంకేదో ఆమెని పట్టుకుంది. బ్రేకు పట్టలేదన్నాడు. తను అరిచాక బ్రేకు బాగానే పట్టింది. అరిచేదాకా అతను తొక్కనే లేదు.

మంచం కింద గ్లాసు తడిమిన చెయ్యి గుర్తొచ్చింది. చర్చిలో పాటల పుస్తకం తెరవకుండా కంఠతా పాడటం గుర్తొచ్చింది. ఇంతలో గూడ్సు బండి గేటు దాటడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పెట్టే పోతుంటే రూతు అతని కళ్లవైపే చూస్తూ నిలబడింది. ఆఖరున గార్డు పెట్టె వచ్చింది. అందులో గార్డు అటువైపు తిరిగి ఏదో రాసుకుంటున్నాడు.

"ఏటండి, ఆ గార్డు మీకు సెయ్యూపుతున్నాడు" అంది రూతు.

సుందర్ రాజు వెంటనే మొహమంతా నవ్వు చేసుకుని, చెయ్యి పైకెత్తి ఊపాడు. గార్డు వీపు కనపడనంత దూరం పోయేదాకా ఊపుతూనే ఉన్నాడు.

గేటు లేచింది. ఇంటిదాకా రూతు, "ఆవు", "లారీ", "పిల్లాడు" అని వరసగా పిలుస్తూనే వచ్చింది. అది ఇంక ఆట కాదు.

మధ్యాహ్నం భోజనంలో బాటా అనే ఏటి చేపల పులుసు. ముళ్లెక్కువని సుందర్ రాజు పళ్లెంలోకి ఎస్తేరమ్మే చేప ముక్కలు ఒలిచి వేస్తోంది. నలభై అయిదేళ్ల కొడుక్కి ఇంకా ఈ గారాబమేమిటని రూతు చాలాసార్లు లోపల నవ్వుకుంది. ఇవాళ ఆ వేళ్లవైపు చూస్తూ ఉండిపోయింది.

"తినవేటి?" అన్నాడు సుందర్ రాజు.

"ఆకలి నేదు."

బయట సైకిల్ బెల్లు మోగింది. "రాజు దాదా! కాల్!"

ఇంజను డ్రైవర్ల ఇళ్లలో అందరికీ తెలిసిన గొంతు అది. బండి ఎక్కడానికి రెండు గంటల ముందు కాల్‌మ్యాన్ పుస్తకం పట్టుకుని ఇంటికొస్తాడు. అందులో సంతకం పెడితే ఆ బండి ఆ డ్రైవరుది. కాల్‌మ్యాన్ దేముడు వీళ్ల చర్చి మనిషే.

సుందర్ రాజు చెయ్యి కడుక్కునేలోపల రూతు గుమ్మంలోకి వెళ్లి పుస్తకం అందుకుంది. అందుకుని గుండెకి హత్తుకుంది.

"సిక్ అని రాసుకోండి, అన్నయ్యా."

దేముడు నోరు తెరిచాడు. "సిక్కేటి సెల్లెమ్మా? పొద్దున గుడిలో నా సెవి పక్కనే నిలబడి పాడినాడు గదా. నా సెవి ఇంకా గియ్యిమంటన్నాది!"

"రూతూ, ఆ బుక్కిలాగియ్యి" అన్నాడు సుందర్ రాజు వెనక నుంచి.

"ఇవ్వనండి."

పంతొమ్మిదేళ్లలో ఆమె నోట ఆ మాట అతను వినలేదు. ఒక్క క్షణం అర్థం కానట్టు నిలబడ్డాడు.

"ఏటయినాది నీకు?"

"గేటు కాడ గార్డు సెయ్యూపినాడన్నాను. ఎవులూ ఊపనేదండి. ఆ మనిషి మనవైపు తిరగనే నేదు. మీరు ఆయన వీపుకి సెయ్యూపినారు."

దేముడు తన సైకిల్ సీటు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. సుందర్ రాజు మొహం నల్లబడింది.

"వాకిట్లో నా పరువు తీస్తన్నావా? పెళ్లాం పరీక్షలెట్టి పాసూ ఫెయిలూ సెప్తాదా నాకు? ఇరవై మూడేళ్ల సర్వీసే నాది! ఒక్క ఎర్ర సిగ్నల్ దాటినానా? ఒరే దేముడూ, నువ్వు సెప్పు, దాటినానా?"

"నేదు దాదా, దాటనేదు."

"దాటనేదు! పచ్చగా ఉన్నా ఆపేస్తన్నాను గానీ దాటనేదు!"

ఆ మాట అన్నాక అతనికే వినపడింది. నోరు అలాగే ఉండిపోయింది. గోడకి ఆనుకుని మెల్లగా గుమ్మం మీద కూర్చున్నాడు.

"పచ్చగా ఉన్నా ఆపేస్తన్నారా?" అంది రూతు.

అతను కళ్లు నులుముకున్నాడు. "మూణ్ణెల్లు దాటినాది. దూరంలో దీపం దీపంలాగ కనపడదు. మంచులో లాంతరెట్టినట్టు పరుసుకుపోతాది. పచ్చో పసుపో తెల్దు. అసిస్టెంటు పిలిస్తే పలుకుతాను. ఆడు పిలవడం లేటయితే బండి ఆపేస్తాను. ఎందుకాపినావని కంట్రోలోళ్లు రెండుసార్లు తిట్టినారు. తిట్టనీ."

"డాక్టరికి సూపించుకోకపోయినారా?"

"సూపిస్తే? ఆయన నా కంట్లో లైటేసిన రోజే ఇంజను దించేస్తాడు. ఎలాగూ ఏప్రిల్లో మెడికల్ ఉన్నాది, ఆ రోజు దించుతాడు. ఈలోపల దిగిపోడమెందుకు?" అతను గడపని గోటితో గీకాడు. "నాకు తెలుసే రూతూ. మా నాయినకి కళ్లు పోయినట్టే నాకూ పోతన్నాయి. పదకొండేళ్లు అమ్మ ఆయన్ని సెయ్యట్టుకుని తిప్పినాది. నేనూ అంతే. అదేదో కాకముందు ఓపాలి నీతో సముద్రం సూడాలనుకున్నాను. అంతే."

రూతు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం మాత్రం వదల్లేదు.

"అందుకా మ్యాపు నా సేతికిచ్చినారు? కనపడకా?"

అతను తల దించుకున్నాడు.

"నామీద నమ్మకంతో ఇచ్చినారనుకున్నానండి. ఊరి బడిలో సదువుకున్నదాన్ని, నన్నింత మనిషిని సేసినారని ఎంత మురిసిపోయినానో."

"మొదటిరోజు కనపడకే ఇచ్చినాను" అన్నాడు సుందర్ రాజు. "అబద్ధమెందుకు. తరవాత రోజు నుంచి, డ్యూటీలో ఉన్నా నీ గొంతే మెదిలేది. దీఘా, చాందీపూర్, గోపాల్‌పూర్ అని నువ్వు సదువుతుంటే... ఇంటికొస్తే ఇది వినొచ్చు గదా అనుకునేవోణ్ణి."

రూతు ముక్కు తుడుచుకుంది. "మీ కళ్లు పోతే పోనీండి, నేను తిప్పుతాను. మీ అమ్మకంటే తక్కువదాన్ని కాను. కానీ ఆ గేటు కాడ ఇయాల మనం నిలబడ్డాం. రేపు మనలాంటి మొగుడూ పెళ్లామే ఎవులో నిలబడతారు. ఆళ్ల ముందు నుంచి మీరు బండి తోలుకెళ్తారు. గేటు తెరిచే ఉండి, మీరు సిగ్నల్ సూడకపోతే?"

అప్పుడు వంటింటి గడపలోంచి ఎస్తేరమ్మ ఇవతలికి వచ్చింది. రూతు పుస్తకం ఇంకా గట్టిగా పట్టుకుంది. ఒక ట్రిప్పు తప్పిపోతే, తోలిన దూరాన్ని బట్టి వచ్చే మైలేజీ డబ్బు పోయిందని వారం రోజులు సణిగే మనిషి ఆవిడ.

"రాసుకో దేముడూ" అంది ఎస్తేరమ్మ. "సిక్ అని రాసుకో."

"అమ్మా!"

"నోరుముయ్యి. దుర్గాపూజ సెలవల నుంచి నీ పళ్లెంలో ముళ్లు నేనెందుకు తీస్తన్నాననుకున్నావు, ముద్దొచ్చా? ఓ దినం పెద్ద ముల్లు పట్టుకుని దాన్నే సూస్తా నోట్లో ఎట్టుకున్నావు. అప్పుడే అర్థమైనాది నాకు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అడగాలనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని అడగనేదురా. ముళ్లు తీసుకుంటా కూకున్నాను. ఈ పిల్ల అడిగినాది."

సుందర్ రాజు తల్లివంక, పెళ్లాంవంక చూశాడు. ఇద్దరూ అతనికి మసగ్గానే కనపడి ఉంటారు. కాసేపటికి చెయ్యి చాపాడు. "ఇలాగియ్యి. సిక్ అయినా సంతకం నేనే పెట్టాల. ఎక్కడ పెట్టాలో సూపించు."

రూతు అతని వేలు పట్టుకుని గీత మీద పెట్టింది.

దేముడు వెళ్లిపోయాక సుందర్ రాజు మంచం మీద వాలాడు. వాలినవాడు వాలినట్టే నిద్రపోయాడు. మూడు నెలలుగా అతను నిద్రలో కాళ్లు కొట్టుకోవడం, దిగ్గున లేచి కూర్చోవడం చూసి రూతు చలి అనుకుంది. ఇప్పుడు నోరు తెరుచుకుని, చెయ్యి మంచం కిందకి వేలాడేసి, పసివాడిలా పడుకున్నాడు. వాకిట్లో కాకి అరిస్తే ఎస్తేరమ్మ చేట పట్టుకుని దాని వెంట పడింది.

సోమవారం పొద్దున ముగ్గురూ రైల్వే ఆస్పత్రికి వెళ్లారు. నువ్వెందుకమ్మా అంటే ఎస్తేరమ్మ వినలేదు. బెంగాలీ డాక్టరు చీకటి గదిలో కళ్లలోకి లైటు వేసి, ఒకటి కాదు రెండు సార్లు చూశాడు. బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఛానీ" అన్నాడు. అంటే శుక్లాలు, రెండు కళ్లకీ పొర పడింది. ఈ వయసులో కొంచెం తొందరే, కానీ లేకపోలేదు. ముందు ఒక కన్ను కోసి పొర తీస్తారు, కొన్నాళ్లకి రెండోది.

"చూపు?" అన్నాడు సుందర్ రాజు.

"చూపు వస్తుంది. చదువుకుంటావు, తిరుగుతావు, చేప ముళ్లు తీసుకుంటావు" అన్నాడు డాక్టరు హిందీలో. ఎస్తేరమ్మ అప్పటికే ఆయనకి అంతా చెప్పేసినట్టుంది. "రైలు మాత్రం ఇంక నడపవు. అది రూలు. రైల్వే వేరే పని ఇస్తుంది."

జీతం పోదు, మైలేజీ పోతుంది. ఇంజను పోతుంది. కళ్లు మాత్రం పోవు. సుందర్ రాజు ఆ లెక్క రెండు మూడు సార్లు వేసుకున్నాడు కాబోలు. తర్వాత ఒక్కసారిగా రూతు భుజం మీద చెయ్యి వేశాడు. అంతమంది జనంలో అతను అలా చెయ్యడం అదే మొదలు. ఆ చెయ్యి బరువుకి ఆమె కొంచెం ఒరిగింది. కానీ పక్కకి జరగలేదు.

ఎస్తేరమ్మ మాత్రం డాక్టరుని వదల్లేదు. "డాక్తార్ బాబూ, ముసలోళ్లకి కూడా ఇది ఠీక్ హోతా హై?"

"ముసలివాళ్లకే ఎక్కువగా వస్తుంది మాయీ. అందరికీ తీస్తాం."

"ఇరవై ఏళ్ల కిందట కూడా తీసేవోరా?"

"అప్పుడూ తీసేవారు. ఎందుకు?"

ఆవిడ గదిలోంచి నడిచి వెళ్లిపోయింది. బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని, కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. రూతు పక్కన కూర్చుంది.

"మీ మామ కూడా ఇలాగే ఎవులికీ సెప్పొద్దన్నాడమ్మా. సెప్తే పనిలోంచి తీసేస్తారని. రిటైరయినాక అడిగితే, ఇంకేటి, పోయినాయి గదా, దేవుడి సిత్తం అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పదకొండేళ్లు సెయ్యట్టుకుని గుడికి తీసుకెళ్లినాను. పుణ్యం సేస్తన్నాననుకున్నాను. ఓపాలి ఈ గుమ్మం దాకా తీసుకొచ్చుంటే సాలిపోయేది గదమ్మా."

రూతు ఆవిడ దగ్గరికి జరిగింది. అత్త చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. సుందర్ రాజు కూడా వచ్చి తల్లికి అటుపక్క కూర్చున్నాడు.

"నాయినకి తెల్దమ్మా. మనకీ తెల్దు."

"ఇప్పుడు తెలిసినాది" అందావిడ.

ఫిబ్రవరిలో ఎడమ కన్ను ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఇంటికి వచ్చిన మొదటిరోజు సుందర్ రాజు గోడమీద సున్నం పెచ్చులు లెక్కపెట్టాడు. రూతు నుదుటి మీద చిన్న మచ్చ చూసి, "ఇదెప్పుడిది?" అన్నాడు. చిన్నప్పటిదని ఆమె చెబితే నమ్మలేదు. మార్చిలో, డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఆఫీసులో అతనికి కుర్చీ ఇచ్చారు. మొదటి నాలుగు రోజులు ఇంజను కూత వినపడినప్పుడల్లా మొహం ముడుచుకున్నాడు. అయిదో రోజు సాయంత్రం ఆరింటికే ఇంట్లో ఉండి, వేడివేడిగా అన్నం తింటూ, "ఈ టైముకి ఇంట్లో ఇంత బాగుంటాదని ఎవులూ సెప్పనేదేటి నాకు" అన్నాడు.

ఆ ఆదివారం మళ్లీ నోటుబుక్కు బయటికి వచ్చింది. స్కూటర్ అమ్మేశారు. రెండో కన్ను కూడా అయ్యేదాకా తోలొద్దన్నాడు డాక్టరు, అయ్యాక కూడా అంత దూరం వద్దంది రూతు. అంతా బస్సులే. దీఘాకి ఒక బస్సు, అక్కడినుంచి ఒరిస్సా వైపు ఇంకో బస్సు. పెట్రోలు కంటే బస్సులే చవకని తేలింది.

"బస్సు ఎవుడో తోలతాడు, నేను కిటికీ కాడ కూకుంటాను" అన్నాడు సుందర్ రాజు. "ముందు ఏటుందో సూసుకోనక్కర్లేదు. పక్కకి సూడొచ్చు. ఇరవై మూడేళ్లలో పక్కకి సూడనే నేదు."

రూతు నవ్వుతూ గోపాల్‌పూర్ తర్వాతి ఊళ్లు చదువుతోంది. ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఎగతాళికి వచ్చిందేమో అనుకున్నారిద్దరూ.

"ఇచ్ఛాపురం మీదుగానే గదమ్మా పోతారు?"

"అవునత్తా. అయిదో రోజు."

"అక్కడ మీ సిన్నమామున్నాడు. ఆమోసు. మీ మామకి తమ్ముడు. నువ్వు పెళ్లిలో సూసుంటావు." ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. "మూడేళ్లయినాది, కళ్లు కనపడక మూల కూకుండిపోయినాడంట. వయసైపోయినాది గదా అని పిల్లలు ఒదిలేసినారు. కిందటి క్రిస్మస్‌కి ఉత్తరం రాయించినాడు. నేనూ సదివించుకుని ఊరుకున్నాను."

సుందర్ రాజు లేచి కూర్చున్నాడు.

"ఆడి కాడ ఆగండమ్మా. బరంపురంలో పెద్దాస్పత్రి ఉన్నాదంట. తీసుకెళ్లి లైటేయించి సూపించండి. ఆడు రానంటాడు. మొండోడు. ఆళ్లన్న రక్తమే. నా మాటగా సెప్పండి, వొదిన రమ్మన్నాదని."

రూతు పెన్సిలు తీసి గోపాల్‌పూర్ కింద ఇచ్ఛాపురం అని రాసింది. బారువ, కళింగపట్నం, భీమిలి ఒక్కో గీత కిందకి జరిగాయి. విశాఖపట్నంలో పిల్లకి రాసిన తేదీ కూడా జరగాలి. సెలవు సరిపోదు. ఖర్చూ పెరుగుతుంది. ఆమె కొంచెం భయంగానే తలెత్తింది.

"చిన్నమామ దగ్గర ఎన్ని రోజులు పెట్టమంటారత్తా?"

పాసుండగా డబ్బులు తగలేస్తారా అన్న ఆ ఇంటి పెద్ద మనిషి రెండు చేతులతో రూతు మొహం పట్టుకుంది.

"ఆడికి కనపడేదాకా ఉండమ్మా. సముద్రం ఎక్కడికి పోతాది?"